పుట్ట మన్ను

ఇంతవరకూ నడిచింది కొద్ది మాటల్లో: నా భార్య ప్రమోద పోయాక, చింతతోపులో ఆమె నడిపిన పుట్టగొడుగుల షెడ్డును నేను చూసుకుంటున్నాను. ఈసారి పెట్టిన పాల పుట్టగొడుగులు కాపుకు రాలేదు. సంచుల్లో వరిగడ్డిని తెల్లటి దారాలు బాగానే అల్లుకున్నాయి. పైన మన్ను కప్పిన తర్వాతే ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఈ కాపు చేతికి రాకపోతే తోపులో చెట్లు కొట్టించి హిందూపురం రంపపు మిల్లుకు ఇచ్చేస్తామని బావమరిది దినేష్ ముందే చెప్పి ఉన్నాడు. చెట్ల నీడ లేకపోతే మా ఎండలకు ఆ షెడ్డు నిలవదు. పోయిన వారం ఒక సంచి మీద మన్ను గిల్లి చూస్తే వేలికి పసుపు అంటింది. తెగులేమో అనుకుని వాసన చూశాను. వంటింటి పసుపు. ఎవరో కావాలని చల్లుతున్నారు. దినేష్ పంపిన మనుషులే అయి ఉంటారని నమ్మాను. ఎవరో చూద్దామని రొద్దం హైస్కూల్లో మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి, షెడ్డు మూలన వేలాడే తడి గోనెపట్టాల వెనుక నిలబడ్డాను. తలుపు తీసుకుని లోపలికి వచ్చింది బయటి మనిషి కాదు. మా అత్తగారు ఆదిలక్ష్మమ్మ. తలమీద నీళ్ళు పోసుకుని, తడి చీరతో, చేతిలో పాలచెంబుతో వచ్చింది.

*

ఆమె చెప్పులు బయటే విడిచింది. ప్రమోద రబ్బరు చెప్పులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటిని తగలకుండా, కొంచెం ఎడంగా విడిచింది.

వెదురు మంచెల మీద సంచులు వరసగా ఉన్నాయి. ప్రతి సంచినీ నడిమికి కోసి, పైన అంగుళం మందాన మన్ను కప్పి పెట్టాము. అత్తగారు మొదటి సంచి దగ్గర నిలబడి, కొంగు ముడి విప్పి, చిటికెడు పసుపు తీసి మన్ను మీద చల్లింది. చెంబులోంచి రెండు చుక్కలు పాలు వదిలింది. ఒక గన్నేరు పువ్వు పెట్టింది. వేళ్ళు కళ్ళకద్దుకుంది. తర్వాత ఆ పువ్వునే తీసుకుని రెండో సంచి దగ్గరికి నడిచింది. పెదవులు కదులుతున్నాయి గాని మాట బయటికి రావడం లేదు.

కోపంతో వచ్చినవాణ్ణి. ఆ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయాను. ఆమె చేతుల్లో తొందర లేదు, దొంగతనం లేదు. గుళ్ళో పూజారి పక్కన నిలబడి చూస్తున్నట్టుంది. ఆమె ఎదురుగా ఉన్నప్పుడు చూస్తే ప్రతి సంచీ ఒక చిన్న పుట్టలాగే ఉంది. ఆ పోలిక నాకు అంతవరకూ తట్టలేదు.

నేనున్నానని ఆమెకు తెలియడానికి, ఇంట్లో నడవలోకి అడుగుపెట్టే ముందు దగ్గినట్టే దగ్గాను.

ఆమె ఉలిక్కిపడలేదు. చేతిలో పసుపు చేతిలోనే ఉంది. తడి కొంగు తలమీదికి లాక్కుని, నాకు వీపు చేసి, సంచుల వైపు తిరిగి నిలబడింది.

ఇది కొత్త సంగతి కాదు. స్కూల్లో నేను హరికృష్ణ సారును. ఆ ఇంట్లో 'ఆయప్ప'ను, అంటే 'ఆయన'ను. మా వైపు పాతకాలపు ఆడవాళ్ళు అల్లుడి ఎదుట నిలబడరు, అల్లుడితో మాట్లాడరు. పెళ్ళయిన కొత్తలో రొద్దానికి బదిలీ అయి, నేను అత్తగారింట్లోనే కాపురం పెట్టాను. అప్పటినుంచి అదే ఇంట్లో, అదే వంట తింటూ, ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ప్రమోద ఉన్నన్నాళ్ళూ మా మాటలు ఆమే మోసేది. మోస్తూ మోస్తూ దారిలో కొంచెం మార్చేది. "చారులో ఉప్పు ఎక్కువైందేమో ఆయప్పను అడుగు" అని లోపల అత్తగారు అంటే నాకు స్పష్టంగా వినిపించేది. ప్రమోద బయటికి వచ్చి, "మా అమ్మ చారు శానా బాగుండాదా అని అడుగుతాంది" అనేది. నేను బాగుందనేవాణ్ణి. లోపల అత్తగారు అబద్ధమని గొణిగేది. అదీ వినిపించేది.

ప్రమోద పోయాక కొన్నాళ్ళు అత్తగారు నాకు చెప్పాల్సింది పెరట్లో కట్టేసిన ఎనుముకు చెప్పింది. "అన్నం సల్లారిపోతాంది" అని ఆమె అంటే ఎనుము తలెత్తి నావైపు చూసేది. తర్వాత ధర్మవరం నుంచి దినేష్ ఆమెకు ఒక ఫోను తెచ్చిచ్చాడు. ఆ ఫోను మా మధ్యకు వచ్చింది. ఆమె వంటింట్లోంచి వాడికి ఫోను చేసేది. వాడు పట్టు చీరల బేరం మధ్యలో ఆపి నాకు ఫోను చేసేవాడు. "బావా, మీ పక్క రూములో అన్నం పెట్టిందంట. ధర్మవరం నుంచి చెప్తాండా, లెయ్యి."

ఇప్పుడు షెడ్డులోనూ అదే చేసింది. రొండిన దోపుకున్న ఫోను తీసి, పసుపు చేత్తోనే నొక్కింది. ఆ ఫోనులో అవతలి గొంతు తగ్గించడం ఆమెకు రాదు. దినేష్ మాట షెడ్డంతా వినిపించింది.

"ఏమ్మా?"

"మీ బావ ఈడుండాడు."

"యాడ?"

"షెడ్డులో."

"ఆయప్ప షెడ్డులో ఆయప్ప ఉండక యాడుంటాడు? ఇస్కూలు లేదా?"

"లేనట్టుండాది. నన్ను చూసినాడు."

"చూస్తే ఏమాయె? నువ్వాడ ఏం చేస్తాండావు?"

"మీ బావ ఏమన్నా అడగాలంటే నిన్నడగమని చెప్పు."

"ఎవురికి చెప్పాల? ఆయప్ప నీ ఎనకాలే ఉండాడు గదమ్మా. మీ ఇద్దరి నడుమ నేను సెల్లు టవరు మాదిరి ఎంతకాలం నిలబడుకోవాల?"

"దినేష్, వింటాండాను" అన్నాను, గొంతు కొంచెం పెంచి.

"బావా, ఉండావా. నీకే చేద్దామనుకుంటాండా. నేను దారిలో ఉండా. పెనుకొండ దాటితిమి. మిల్లాయన కూడా వస్తాండాడు."

"ఈరోజా? నెలాఖరు దాకా చూద్దామంటివి గదా."

"ఇంగేం చూసేది బావా. ఒక్క గొడుగన్నా లేసిందా? ఊరికే మనసు కష్టపెట్టుకునేది తప్ప. వచ్చినాక మాట్లాడుకుందాం లే." వెనకాల లారీ హారన్ మోగింది. ఫోను ఆగిపోయింది.

అత్తగారు ఆ మాటకు తల కూడా ఎత్తలేదు. తోపు ఆమెది. ఆమె మామ నాటిన చెట్లు. మిల్లు మనిషి వస్తున్నాడంటే ఆమెకు ఏమీ అనిపించలేదా అని ఒక క్షణం అనుకున్నాను. ఆ అనుమానాన్ని అక్కడే వదిలేశాను. అడగవలసింది వేరే ఉంది.

మధ్యలో నిలబడి అడగడానికి ఎవరూ లేరు. ఎనుము ఇంటి దగ్గర ఉంది. ఫోను ఆగిపోయింది.

"అత్తా" అన్నాను. ఆమెను అలా పిలవడం అదే మొదలు. "పసుపెందుకు?"

తడి కొంగులోంచి నీటి బొట్లు నేలమీద పడుతున్నాయి. ఆమె మాట్లాడింది. నాతో కాదు. ఎదురుగా ఉన్న సంచితో.

"పుట్టకు పసుపెయ్యక ఏమేస్తారు."

"ఇది పుట్ట కాదు. గడ్డి సంచి."

"పైన మన్ను యాడిదో అడిగితే తెలుస్తాది."

ఆ మన్ను సంగతి నాకు గుర్తుంది. ప్రమోద మొదట్లో చెరువు మన్ను కప్పేది. ఆరేకొద్దీ నెర్రెలిచ్చి, మొలక వచ్చే చోట గట్టిపడిపోయేది. వేసవిలో ఒకరోజు వాకిట్లో గంపలకొద్దీ మెత్తటి మన్ను కనిపించింది. జల్లెడ పట్టిన పిండిలా ఉంది. ఎక్కడిదని అడిగితే ప్రమోద "దొరికింది" అని నవ్వి ఊరుకుంది. ఆ మన్నుతోనే ఆమె ఒక కాపు తీసింది. మిగిలింది బస్తాల్లో కట్టి పెట్టింది. ఆ బస్తాలు విప్పి ఈసారి నేను కప్పాను.

"పుట్ట మన్నా?" అన్నాను.

అప్పుడు ఆమె తిరిగింది.

ఆమె ముఖం నేను నేరుగా చూసింది ఎప్పుడూ లేదు. తలుపు సందులో చెవి కమ్మ, కిటికీ అవతల చెయ్యి, పెరట్లో వీపు, అంతే తెలుసు. ప్రమోదను చివరిసారి ఇంటికి తీసుకువచ్చిన రోజు కూడా ఆమె గోడకు తిరిగే కూర్చుంది. కింది పెదవి పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది. ప్రమోదకూ అక్కడే ఉండేది. నేను చూపు కిందికి దించుకున్నాను.

"పాప అడిగింది" అంది అత్తగారు. కూతురిని ఆమె అలాగే పిలిచేది. "చెరువు మన్ను పగులుతాందమ్మా, మెత్తటి మన్ను యాడుంటాది అనె. మెత్తటి మన్నంటే నాకు తెలిసింది పుట్ట మన్నే. చెదలు నమిలి నమిలి పెడతాయి, రాయుండదు, పుల్లుండదు. పాప వద్దనె. పుట్ట జోలి మనకొద్దులేమ్మా అనె. నేనే యినలేదు. పార తీసుకుని నేనే పోతిని. ఆ తట్టు పెద్ద చింతమాను కింద ఉండాది గదా, దాన్నే తవ్వితిని. కొస తియ్యలేదు. పక్కన తీస్తిని. పక్కన తీస్తే ఏం కాదులే అనుకుంటి."

నేను సంచుల మీది మన్ను వైపు చూశాను.

"దాంతో అన్నా ఇడ్సిపెట్టలేదు. మన్ను ఆవిరి మీద ఉడకాల, లేకుంటే పురుగూ పుట్రా ఉంటాదనె పాప. పెండ్లిండ్లకు ఇడ్లీలు పెట్టే గుండా తెచ్చి, అడుగున నీళ్ళు పోసి, మన్ను మూట కట్టి పెడ్తిమి. పాప కట్టెలు ఎగదోస్తాంటే మూత పెట్టింది నేను." ఆమె చెంబు మంచె మీద పెట్టింది. "ఎవురి ఇంటినన్నా పెరికి తెచ్చి పొయ్యి మీద పెడతారా? నాగప్ప ఇంటిని నేను ఉడకబెడితిని."

తర్వాతది ఇద్దరికీ తెలుసు. మొదటి వాన పడిన మరుసటి రోజు, వెలుతురు ఉండగానే, గడ్డిమోపు లాగుతుంటే ప్రమోద మణికట్టు మీద పాము కరిచింది. హిందూపురం ఆసుపత్రికి చేరలేదు.

"మన్ను తెచ్చింది నేను" అంది అత్తగారు. "కరిస్తే నన్ను కరవాల."

క్లాసులో పిల్లలు అడిగితే నా దగ్గర జవాబు ఉంటుంది. ఆ జవాబే చెప్పాను. "గడ్డిలో ఎలుకలుంటాయి అత్తా. పాము ఎలుకల కోసం వస్తాది. మనుషుల కోసం రాదు."

"ఎలుక కోసం వచ్చింది పాప చెయ్యి ఎందుకు పట్టుకుండె?"

చెప్పబోయి ఆగాను.

"మన్ను యాడుంటే నాగప్ప ఆడుంటాడు. మీరు మల్లా ఆ మన్నే తీసి అన్ని సంచుల మీదా కప్పితిరి. నేను చూస్తాంటి. వద్దని చెప్పేదానికి నాకు నోరేది? దినేష్ కు చెప్తే వాడు నవ్వుతాడు. అందుకే సోమవారం, శుక్రవారం మీరు ఇస్కూలుకు పోయినాక వచ్చి, పుట్టకు చేసినట్టే దీనికీ చేస్తాండా. శాంతించుకోమని. మీ చెయ్యి కూడా రోజూ ఈ మన్నులోనే గదా ఉండేది."

ఆమె నన్ను 'మీరు' అనడం గమనించాను. 'ఆయప్ప' అనలేదు.

నేను దేన్ని ఎలా చెప్పాలా అని ఆలోచించాను. పసుపు విషయం దాచి, పాల వల్ల చెడిందనో, వాతావరణమనో చెప్పవచ్చు. ఆమెకు అబద్ధం చెప్పడం కూడా ప్రమోద దగ్గరే నేర్చుకున్నాను. కాని నిజం చెప్పకపోతే వచ్చే శుక్రవారం ఆమె మళ్ళీ చెంబు తీసుకుని వస్తుంది.

"అత్తా, ఊరగాయలో పసుపు ఎందుకు కలుపుతారు?"

"బూజు పట్టకుండా."

అన్నాక ఆమె ఆగిపోయింది. చేతిలోని పసుపు వైపు చూసుకుంది. సంచుల వైపు చూసింది. నేను ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది. తెల్లటి దారాలు గడ్డిని అల్లుకునేటప్పుడు కూతురి పక్కన కూర్చుని రోజూ చూసిన మనిషి. ఇవి కూడా బూజు జాతివేనని ఆమెకు తెలుసు.

"అయితే పాప పంటను కూడా నేనే చంపితినా" అంది. గొంతు పెద్దది కాలేదు. మంచె కర్ర పట్టుకుని నెమ్మదిగా నేలమీద కూర్చుంది.

నేను ఒక సంచి తీసుకుని ఆమె ఎదుట పెట్టి, నేనూ కూర్చున్నాను. స్పూనుతో పైన పసుపు మన్ను ఒక అంచునుంచి ఎత్తాను. కొంచెం పులిసిన పాల వాసన వచ్చింది. మన్ను అట్టలాగా లేచింది. దాని కింద గడ్డి తెల్లగా, గట్టిగా, వెన్న రాసినట్టుంది. ఎక్కడా నల్ల మచ్చ లేదు, పచ్చ మచ్చ లేదు.

"చూడండి. చావలేదు. పైకి రాలేక ఆగింది. ఈ మన్ను తీసేసి వేరే మన్ను కప్పితే మళ్ళీ లేస్తాది."

ఆమె వంగి చూసింది. వేలు దగ్గరికి తెచ్చి, పసుపు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. చేతిని తడి చీరకు గట్టిగా తుడుచుకుంది. తర్వాత వేలి కొసతో ఆ తెలుపును ముట్టుకుంది.

"సల్లగుండాది" అంది. "ఈ మన్ను ఏం చేస్తారు?"

"మీరు తెచ్చిన చోటే పోసేద్దాం. పుట్టది పుట్టకే ఇచ్చేద్దాం. మనకు తోపులో చెట్ల కింది మన్ను చాలు. ఎండుటాకు కుళ్ళి మెత్తగానే ఉంటాది. దాన్నే ఉడకబెడదాం."

ఇది నేను నమ్మి అన్నానా అని తర్వాత నన్ను నేను అడిగాను. పుట్ట కోపం చేస్తుందని నేను నమ్మను. తెచ్చినదాన్ని తిరిగి ఇవ్వవచ్చని మాత్రం నమ్మాను. ఆ రోజుకు అది చాలింది.

ఆమె లేచి, మూలన ఉన్న స్టీలు బేసిను తెచ్చింది. ఇద్దరం చెరో స్పూను పట్టుకుని మన్ను గీరడం మొదలుపెట్టాము. ఆమె చెయ్యి నాకంటే తేలిగ్గా ఉంది. మన్నును పొరగా లేపుతుంది, కింది తెలుపుకు గీత పడదు. నేను గీరిన సంచి వైపు ఓరగా చూసి, "ఇస్కూల్లో బోర్డు తుడిచినట్టు తుడుస్తాండారు. రోంత మెల్లగా" అంది. చాలాకాలంగా ఆ మాట తన దగ్గరే ఉంచుకున్నట్టుంది.

గీరిన సంచుల మీద తడి తగ్గకుండా నీళ్ళు చిమ్మడానికి పంపు వీపుకు తగిలించుకున్నాను. ప్రమోద పంపు. పట్టీని ఆమె తన భుజానికి సరిపడా ముడి వేసుకుంది. నాకు అది పొట్టి. పంపు మెడ కిందికి ఎక్కి కూర్చుంటుంది, పట్టీ భుజాన్ని ఒరుస్తుంది.

"ఆ ముడి ఇప్పేయచ్చు గదా" అంది అత్తగారు. "చొక్కా చిరిగిపోతాంది."

నేను నీళ్ళు చిమ్ముతూ ఉండిపోయాను.

"సరేలే" అంది ఆమె. "ఉండనీ."

షెడ్డు పైకప్పు మీద చింతాకు రాలుతున్న చప్పుడు ఉంది. గోనెపట్టాలు నీళ్ళు కారుస్తున్నాయి. బేసిను నిండుతోంది. ప్రమోద మొదటి కాపు తీసుకుని హిందూపురం మార్కెట్టుకు పోయిన రోజు సంగతి అత్తగారు తనంతట తానే ఎత్తింది. అక్కడ ఒక కన్నడ ఆమె గంపలోకి తొంగిచూసి, ఇంత తెల్లటి అణబె, అంటే పుట్టగొడుగు, ఎప్పుడూ చూడలేదని, దీనికి సున్నం కొట్టినారా అని అడిగిందట. ప్రమోద ఒకటి విరిచి నోట్లో వేసుకుని నమిలి చూపించిందట.

"పచ్చిదే తినేసింది. అంత రోషం దానికి" అంది అత్తగారు. నవ్వింది. నవ్వు ఆపి చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఈ కథ నాకు ప్రమోద ఎప్పుడూ చెప్పలేదు. నాకు తెలియని ప్రమోద ఇంకా కొంత ఈమె దగ్గర ఉందని, ఇన్నాళ్ళూ పక్క గదిలోనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

బేసిను నిండాక ఆమె స్పూను కింద పెట్టింది.

"ఒక మాట చెప్పాల" అంది. "దినేష్ మీద మీకు కోపముండాది. ఈ పసుపు కూడా వాడి పనే అనుకునుంటారు."

నేను కాదనలేదు.

"చెట్లు కొట్టమనింది వాడు కాదు. నేను."

పంపు పిడి చేతిలోనే ఉండిపోయింది.

"వాడు ఒప్పుకోలేదు. అక్క షెడ్డు గదమ్మా అనె. నేనే రోజూ ఫోను చేసి గొడవ చేస్తిని. ఈరోజు పొద్దన కూడా నేనే చేస్తిని, మిల్లాయన్ను తోడుకొని రమ్మని. మీకు నా పేరు చెప్పొద్దని వాడితో ఒట్టు పెట్టించుకుంటి."

"ఎందుకత్తా?"

"చెట్లుంటే నీడుంటాది. నీడుంటే షెడ్డుంటాది. షెడ్డుంటే మీరు పొద్దనా మాపనా వచ్చి ఆ గడ్డిలో చెయ్యి పెడతారు. నేను ఇంట్లో కూర్చుని మీ బండి చప్పుడు కోసం ఎదురుచూస్తాంటా. చప్పుడు ఇనపడితేనే పొయ్యి మీద ఎసరు పెడతా." ఆమె బేసిను అంచు పట్టుకుంది. "పాప పోయె. మీరు కూడా పోతే నేను ఎవురికి వంట చేయాల."

పంపు దించి, గోడ వారగా పెట్టాను.

"గడ్డిని కర్రతో కదిలించి, తర్వాతే చెయ్యి పెడతాను. తొడుగులు వేసుకుంటాను. మోపులు నేలమీద పెట్టను, మంచె మీద పెడతాను. ఇది మీకు మాటిస్తాండాను" అన్నాను.

ఆమె నన్ను చూసింది. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు నేను పిల్లల జవాబును చూసినట్టు చూసింది. తర్వాత రొండిన ఉన్న ఫోను తీసింది.

"చెట్లు వద్దని చెప్తా" అంది.

ఫోను చాలాసేపు మోగాక దినేష్ ఎత్తాడు. వెనకాల పెద్ద ఇంజను చప్పుడు.

"ఒరే, యాడుండావు?"

"తోపుకు ఆ తట్టు ఉండా. రొద్దం రోడ్డు కంపగేటు తావ."

"చెట్లు వద్దురా. కొట్టొద్దు. మిల్లాయన్ను పంపించెయ్."

"ఏందమ్మా? పొద్దన కొట్టమంటివి, ఇప్పుడు వద్దంటివి."

"పొద్దన మాట పొద్దనే. ఇప్పుడు చెప్తాండా, వద్దు."

"సరేమ్మా, చెట్లు ముట్టుకోములే. మిల్లాయనకు నేను చెప్పుకుంటా." ఇంజను చప్పుడు పెరిగింది. వాడు గట్టిగా మాట్లాడాడు. "లారీకి దారి కావాలని జేసీబీ తెస్తిమి. అది ఎట్లాగూ వచ్చింది. ఆ పుట్టను తీపిచ్చేస్తా."

"ఏ పుట్ట?"

"ఉండేది ఒగటే గదమ్మా. పెద్ద మాను కింద. మా అక్కను తినింది అది. నువ్వు దానికి పాలు పోస్తాంటే నేను చూస్తా ఉండాలనా? ఇన్నాళ్ళూ నీ కోసరం ఊరుకుంటి. ఈరోజు దాన్ని నేలకు సమానం చేసి పోతా."

"దినేషా, వద్దురా. ఆగు. మేము వస్తాండాం, మన్ను తెస్తాండాం."

"ఏమో, ఇనపడ్లే."

"ఆగమంటాండా."

చప్పుడులో మాట మునిగిపోయింది. ఫోను ఆగింది. ఆమె మళ్ళీ చేసింది. నేనూ నా ఫోను తీసి చేశాను. రెండు ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. అటు ఎత్తేవాళ్ళు లేరు.

షెడ్డునుంచి పెద్ద మాను దగ్గరికి తోపు చుట్టూ గట్టుమీద బండి దారి ఉంది. నడిస్తే చాలా దూరం. ఆమె బేసిను ఎత్తుకుంది. దాని బరువుకు నడుము వంగింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు.

"బండి తీయండి" అంది.

నా నీడ తన మీద పడుతుందని పెరటి దారిన తిరిగి వెళ్ళే మనిషి. నేను బండి తీశాను. ఆమె ఒక పక్కకు కాళ్ళు వేసుకుని వెనకాల కూర్చుంది. బేసిను ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో అదిమిపట్టింది. రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలో కొంచెంసేపు తెలియలేదు. తర్వాత నా భుజం పట్టుకుంది. పంపు పట్టీ ఒరుసుకున్న చోటే పట్టుకుంది. నొప్పి పుట్టింది.

గట్టుమీద బండి ఎగిరెగిరి పడుతుంటే మన్ను కొంచెం కొంచెం చిందుతోంది. నెమ్మదిగా పోదామంటే ఆమె ఒప్పుకోలేదు. "పోనీ నాయనా, పోనీ" అంటోంది. మలుపు తిరగగానే చింతచెట్ల సందుల్లోంచి పుట్ట కొస కనిపించింది. ఆమె తవ్విన పక్క వానలకు కరిగి, గుంటగా ఉంది. దానికి పైన మిషను చెయ్యి లేచి ఉంది. కింద దినేష్ మాకు వీపు చేసి నిలబడి, చెయ్యి ఊపుతూ డ్రైవరుకు దారి చూపిస్తున్నాడు.

మిషను చెయ్యి పైన ఒక క్షణం ఆగింది. ఆగిందో, దిగబోతోందో అంత దూరానికి తెలియలేదు. నేను హారన్ మీది నుంచి వేలు తీయలేదు. నా వెనకాల అత్తగారు, ఎప్పుడూ నా ఎదుట గొంతు ఎత్తని మనిషి, కొడుకును పేరు పెట్టి అరిచి పిలవడం మొదలుపెట్టింది.